పాత జీపు, కొత్త బ్రేకు, ఒక రబ్బరు గొట్టం

మన గ్రామాల్లో పాత జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో కొన్ని మన చదువరుల్లో చాలామందికంటే వయసులో పెద్దవి. వెనుక భాగాన్ని ట్రక్కులా తెరిపించి ఎరువు బస్తాలు, ధాన్యం, గొర్రెలు, పెళ్ళివారు, సభలకు వెళ్ళే సంఘస్తులు, ఇలా దేన్నైనా ఎవరినైనా మోస్తున్న బండ్లివి. ఇంజన్ మారింది, సీట్లు మారాయి, రంగు నాలుగైదుసార్లు మారింది. బ్రేకులు మాత్రం చాలా బండ్లలో మొదట వచ్చిన పద్ధతిలోనే ఉండిపోయాయి. ఇప్పుడు కొందరు యజమానులు ముందుచూపుతో బ్రేకులకు బూస్టర్ పెట్టిస్తున్నారు. సంతోషించవలసిన సంగతే. అయితే ఆ బూస్టర్‌కు వచ్చే నల్లని రబ్బరు గొట్టాన్ని రెండవ కొనలో దేనికి తగిలించారు, ఎలా తగిలించారు అని అడిగేవారు బహు తక్కువ. పని అంతా అక్కడే ఉంది.

నేను మెకానిక్కును కాను. దూరపు గ్రామాల సంఘాలకు వెళ్ళిరావడానికి ఏళ్ళ తరబడి ఇలాంటి బండ్లలో ముందు సీటులో కూర్చున్నవాణ్ణి, షెడ్ల దగ్గర గంటలకొద్దీ నిలబడి చూచినవాణ్ణి. చూచినదీ చదివినదీ కలిపి రాస్తున్నాను. బండి ఉన్నవారికే కాదు, అద్దె బండిలో పిల్లలను ఎక్కించే తల్లిదండ్రులకు కూడా ఇది పనికివస్తుంది.

మొదట పాత బ్రేకు సంగతి. విల్లీస్ వారి లైసెన్సుతో మహీంద్రా వారు మన దేశంలో తయారుచేసిన పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము తొమ్మిది అంగుళాలది. పెడల్ తొక్కితే కాళ్ళ కింద, ఫుట్‌బోర్డుకు దిగువన ఉన్న మాస్టర్ సిలిండర్ బ్రేకు ఆయిల్‌ను నాలుగు చక్రాలకూ తోస్తుంది. డ్రైవర్ కాలి బలం తప్ప మరే సహాయమూ లేదు. ఖాళీ బండికి అది సరిపోయేది. ఆ బండిలో పదిహేనుమందిని కూర్చోబెట్టి, పైన సామాను కట్టి ఘాటు రోడ్డు దింపితే ఏ కాలైనా ఎంతని తొక్కగలదు? అందుకే బూస్టర్ కావలసివచ్చింది.

బూస్టర్‌లో బలం ఎక్కడిది? చాలామంది ఇంజన్ బలం అనుకుంటారు. కాదు. మన చుట్టూ ఉన్న గాలి బలం. సముద్రమట్టం దగ్గర గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో ఒత్తుతూనే ఉంటుంది. రెండు వైపులా సమానంగా ఒత్తుతుంది గనుక మనకు తెలియదు. ఒక వైపు గాలిని తీసివేస్తే అప్పుడు దాని బలం కనబడుతుంది. 1650ల దశకంలో జర్మనీలోని మాగ్డెబర్గ్ పట్టణానికి చెందిన ఓటో ఫాన్ గెరికే రెండు లోహపు అర్ధగోళాలను ఒకదానికొకటి ఆనించి, లోపలి గాలిని పంపుతో తీసివేసి, రెండు ప్రక్కలా గుర్రాలను కట్టి లాగించాడు. గుర్రాలకు అవి విడిపోలేదు. లోపలికి గాలి వదలగానే వాటంతటవే విడిపోయాయి. బ్రేకు బూస్టర్ అంటే అదే సంగతిని ఒక రేకు డబ్బాలో అమర్చడం. బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దెవాండ్ర్ పేరు మీద వచ్చిన ఈ సర్వో బ్రేకును 1927లో జర్మనీ బాష్ కంపెనీ తయారుచేయడం మొదలుపెట్టింది. దాదాపు వందేళ్ళయినా మూల సూత్రం మారలేదు.

ఆ డబ్బా మధ్యలో రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. పెడల్ వదిలి ఉన్నప్పుడు దానికి రెండు ప్రక్కలా గాలి తీసివేసి ఉంటుంది. పెడల్ తొక్కగానే డ్రైవర్ వైపున చిన్న వాల్వు తెరుచుకొని, బయటి గాలి ఫిల్టర్ గుండా ఆ ప్రక్కకు మాత్రమే వస్తుంది. గాలి ఉన్న ప్రక్క నుండి లేని ప్రక్కకు డయాఫ్రమ్ జరిగి మాస్టర్ సిలిండర్ రాడ్డును నెడుతుంది. తొమ్మిది అంగుళాల బూస్టర్‌ను లెక్క వేసి చూడండి. వైశాల్యం సుమారు 410 చదరపు సెంటీమీటర్లు. వాక్యూమ్ గేజి 18 అంగుళాలు చూపిస్తే రాడ్డు మీద దాదాపు 250 కిలోల తోపుడు అదనంగా వస్తుంది. అదే గేజి 10 అంగుళాలకు పడిపోతే 140 కిలోలే. బూస్టర్ అదే, కాలు అదే, బండి అదే. తేడా అంతా గొట్టంలో ఉంది.

కాబట్టి గొట్టం దేనికి తగిలించాలి? పెట్రోల్ ఇంజన్‌కు జవాబు సుళువు. కార్బురేటర్‌లో థ్రాటిల్ పలక మూసుకొని ఉండగా పిస్టన్లు గాలిని లాగుతుంటాయి గనుక, ఆ పలకకు దిగువన ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఏర్పడుతుంది. బాగున్న ఇంజన్ స్లోలో తిరుగుతుంటే గేజి 17 నుండి 21 అంగుళాల మధ్య నిలుస్తుంది. బూస్టర్ గొట్టం రావలసింది అక్కడి నుండే, అదీ మానిఫోల్డ్‌లో బిగించిన పెద్ద నిపుల్ నుండి. కార్బురేటర్ ప్రక్కన డిస్ట్రిబ్యూటర్ కోసం ఉండే సన్నని నిపుల్‌కు తగిలిస్తే, బండిని బట్టి, అది థ్రాటిల్ పలకకు పైన ఉండవచ్చు. అక్కడ ఎక్సిలేటర్ తొక్కినప్పుడే లాగుడు ఉంటుంది. కాలు తీసి బ్రేకు తొక్కే సమయానికి ఏమీ ఉండదు. అవసరమైన క్షణంలోనే చేయిచ్చే కనెక్షన్ అది.

పాత విల్లీస్ జీపు నడిపినవారికి ఒక సంగతి గుర్తుండాలి. వాటి వైపర్ కూడా వాక్యూమ్ మీదే ఆడేది. వానలో గట్టు ఎక్కుతూ ఎక్సిలేటర్ పూర్తిగా తొక్కితే వైపర్ మెల్లగా ఆగిపోయేది, కాలు తీస్తే మళ్ళీ గబగబా ఆడేది. థ్రాటిల్ తెరిస్తే మానిఫోల్డ్ వాక్యూమ్ పోతుందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం అక్కరలేదు. మరి గట్టు ఎక్కి పైకి రాగానే ఎదురుగా పశువు అడ్డువస్తే బ్రేకు ఎలా పట్టాలి? దానికే నాన్ రిటర్న్ వాల్వు. బూస్టర్ మీద గొట్టం కలిసేచోట ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క అది. గాలిని బూస్టర్‌లోనుండి ఇంజన్ వైపుకు పోనిస్తుంది, వెనక్కు రానివ్వదు. అందువల్ల ఇంజన్ దగ్గర వాక్యూమ్ తగ్గినా, ఇంజన్ ఆగిపోయినా, డబ్బాలో దాచిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకు సరిపడా నిలిచి ఉంటుంది. విడిగా గొట్టం మధ్యలో పెట్టే వాల్వు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజన్ వైపు చూడాలి. తిరగేసి పెడితే బూస్టర్‌కు అసలు వాక్యూమే అందదు. వాల్వు పాడైందని గొట్టాన్ని నేరుగా కలిపేసే షెడ్లు ఉన్నాయి. ఆ బండి రోజూ బాగానే ఆగుతుంది, ఇంజన్ ఆగిపోయే రోజు వరకు.

డీజిల్ ఇంజన్ దగ్గర కథ మారిపోతుంది. మన ప్రాంతంలో పాత పెట్రోల్ జీపుల్లో చాలావాటికి ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. సాధారణంగా పాత డీజిల్ ఇంజన్‌లో గాలిని ఆపే థ్రాటిల్ పలక ఉండదు. గాలి ఎప్పుడూ నిండుగా లోపలికి పోతుంది, డ్రైవర్ పెంచేదీ తగ్గించేదీ డీజిల్‌నే. అందువల్ల దాని మానిఫోల్డ్‌లో బ్రేకుకు చాలినంత వాక్యూమ్ పుట్టదు. డీజిల్ మానిఫోల్డ్‌కు రంధ్రం వేసి బూస్టర్ గొట్టం కలిపితే చూపులకు అన్నీ ఉన్నట్టే ఉంటాయి, పెడల్ మాత్రం రాయిలా ఉంటుంది. బూస్టర్ చెడిందని రెండవది కొంటారు. చెడ్డది బూస్టర్ కాదు.

డీజిల్ బండికి వాక్యూమ్ పంపు విడిగా కావాలి. మన దగ్గర ఎక్కువగా కనబడేది ఆల్టర్నేటర్ వెనుక బిగించి ఉండే పంపు. దానికి మూడు గొట్టాలు చూడండి: ఇంజన్ ఆయిల్ వచ్చే సన్నని పైపు, ఆ ఆయిల్ తిరిగి ఛాంబర్‌లోకి దిగే లావు గొట్టం, బూస్టర్‌కు పోయే వాక్యూమ్ గొట్టం. ఆయిల్ పైపు పూడుకుపోతే లోపలి పలకలు అరిగి వాక్యూమ్ పడిపోతుంది. తిరుగు గొట్టం మడతపడితే ఆయిల్ దిగక పంపులోనే నిలుస్తుంది. వాక్యూమ్ గొట్టాన్ని ఊడదీసినప్పుడు లోపల ఆయిల్ తడి కనబడితే ఊరుకోకూడదు; ఆ ఆయిల్ బూస్టర్‌లోకి చేరితే డయాఫ్రమ్ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. మంచి పంపు మైదానంలో 24 అంగుళాలకు పైగా చూపించాలి.

ఇక్కడ ఇంటివారందరికీ తెలియవలసిన మాట ఒకటుంది. ఈ పంపును తిప్పేది ఆల్టర్నేటర్, ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఫ్యాన్ బెల్టు. బెల్టు తెగితే డ్యాష్‌బోర్డులో బ్యాటరీ ఎర్రలైటు వెలుగుతుంది. "చార్జింగ్ లేదంతే, ఊరు చేరాక చూద్దాం" అని డ్రైవర్ అంటాడు. అలాంటి బండిలో ఆ ఎర్రలైటు బ్రేకు బలం పోయిందని కూడా చెబుతున్నది. వెంటనే బండి ప్రక్కన ఆపించండి.

గొట్టం విషయానికి వద్దాం. బ్రేకు వాక్యూమ్ కోసమే చేసిన, లోపల నూలు అల్లిక ఉన్న మందపాటి హోసే కావాలి. లోపలి రంధ్రం సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు. రేడియేటర్ హోసు ముక్కో, పొలానికి మందు కొట్టే స్ప్రేయర్ పైపో తగిలిస్తే లోపలి లాగుడుకు అది అప్పడంలా అణిగిపోతుంది. విచిత్రమేమంటే ఇంజన్ ఆపి బానెట్ తీసి చూస్తే మళ్ళీ గుండ్రంగానే ఉంటుంది! ఇంజన్ తిరుగుతుండగా చేత్తో పట్టుకొని చూడాలి. రెండు కొనలకూ క్లిప్పులు ఉండాలి. కట్టుతీగ చుట్టడం పని కాదు. సైలెన్సర్ పైపుకు దూరంగా, ఛాసిస్ మీద రాసుకోకుండా, వంపుల దగ్గర మడతపడకుండా పోవాలి. పెట్రోల్ బండిలో గొట్టం మానిఫోల్డ్ నుండి బూస్టర్ వైపుకు కొంచెం ఎత్తుగా పోతే మంచిది. మధ్యలో జారుగా వేలాడితే పెట్రోల్ ఆవిరి చల్లబడి ఆ గుంటలో నిలుస్తుంది.

జీపులో మరో చిక్కు ఉంది. పెడల్ నేలలోనుండి దిగుతుంది గనుక బూస్టర్‌ను కారులోవలె బానెట్ కింద గోడకు బిగించడానికి వీలుండదు. అమెరికాలో 1950ల నాటి షెవ్రొలే, ఫోర్డ్ పికప్ ట్రక్కులను బాగుచేసుకొని నడిపేవారికీ ఇదే చిక్కు. వాటికీ మాస్టర్ సిలిండర్ నేల కిందే. అక్కడివారు ఛాసిస్‌కు బ్రాకెట్ వేసి చిన్న బూస్టర్‌ను నేల కిందే అమర్చుతారు. అక్కడి పాత లారీల్లో బెండిక్స్ కంపెనీ హైడ్రోవాక్ అనే డబ్బా పెడల్‌కు దూరంగా ఛాసిస్ మీద ఉండి, బ్రేకు పైపు మధ్యలో పనిచేసేది. మన జీపుకూ ఈ రెండు దారులే. అయితే అమెరికాలో ఆ ట్రక్కులు ఎక్కువగా ఆదివారం షికారుకు బయలుదేరే బండ్లు. మనవి వాగులు దాటుతాయి, బురదలో దిగబడతాయి. నేల కింద పెట్టిన బూస్టర్ గాలి పీల్చుకునే చోటు నీళ్ళకూ దుమ్ముకూ అందకుండా ఎత్తులో ఉందో లేదో చూడాలి. నీళ్ళు పీల్చిన బూస్టర్ లోపల తుప్పుపట్టి కొన్నాళ్ళకు మొరాయిస్తుంది.

ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టించేవారికి బూస్టర్ తప్పనిసరి అనే చెప్పాలి. డ్రమ్ములో ముందు షూ, చక్రం తిరిగే వేగానికి తనంతట తానే లోపలికి ఈడ్చుకొని గట్టిగా పడుతుంది. డిస్కులో ఆ సుగుణం లేదు, ఎంత నొక్కితే అంతే పడుతుంది. నేల కింద ఉన్న మాస్టర్ సిలిండర్ డిస్కు కాలిపర్ కంటే కిందికి ఉంటే ఆయిల్ వెనక్కు జారకుండా చిన్న వాల్వు కూడా కావాలి. పనిలో పనిగా రెండు భాగాల మాస్టర్ సిలిండర్ వేయించండి. పాతదానిలో ఒక్క చక్రం దగ్గర ఆయిల్ కారితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. ఎంత పెద్ద బూస్టర్ ఉన్నా దాన్ని ఆపలేదు. బూస్టర్ రాడ్డుకూ మాస్టర్ పిస్టన్‌కూ మధ్య వెంట్రుకంత సందు కూడా ఉంచాలి. లేకపోతే పెడల్ వదిలినా బ్రేకు పట్టుకొనే ఉండి డ్రమ్ములు కాలిపోతాయి.

రైలు గురించి ఒక మాట. మన రైళ్ళలో చాలాకాలం వాక్యూమ్ బ్రేకులే ఉండేవి. పెట్టెకూ పెట్టెకూ మధ్య వేలాడే లావుపాటి గొట్టాలు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. అక్కడ వాక్యూమ్ ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది. చైను లాగితే గాలి లోపలికి వచ్చి బ్రేకు పడుతుంది. గొట్టం తెగినా రైలే ఆగుతుంది. మన జీపు బూస్టర్ దీనికి పూర్తిగా తలక్రిందులు. గొట్టం తెగితే సహాయమే పోతుంది, బండి ఆగదు. రైలు గొట్టం తెగితే డ్రైవర్‌కు ఆ క్షణమే తెలుస్తుంది. జీపు గొట్టం తెగిన సంగతి బ్రేకు తొక్కినప్పుడుగాని తెలియదు. పెట్రోల్ ఇంజన్ అయితే స్లోలో వణికి కొంత సూచన ఇస్తుంది; డీజిల్ అదీ ఇవ్వదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. ఘాటు రోడ్డు దిగేటప్పుడు డీజిల్ ఆదా అని న్యూట్రల్ కొట్టి ఇంజన్ ఆపే అలవాటు మన డ్రైవర్లలో కొందరికి ఉంది. అనంతగిరి ఘాటులోనైనా, మారేడుమిల్లి దాటి చింతూరు వైపు దిగే మలుపుల్లోనైనా ఇది ప్రాణాలతో ఆట. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. డబ్బాలో మిగిలింది రెండు మూడు తొక్కుళ్ళు. మొదటి మలుపుకు ఒకటి, ఎదురొచ్చే బస్సుకు ఒకటి. మూడవ మలుపులో పెడల్ రాయి. డ్రైవర్‌కు "బ్రేకు ఫెయిల్" అనిపిస్తుంది. నిజానికి ఆయిల్ ఉంది, లైనర్లు ఉన్నాయి, రెండు కాళ్ళతో నిలబడి తొక్కితే కొంత పడుతుంది కూడా. కాని అలా తొక్కాలని తోచే వ్యవధి ఉండదు. పోనీ ఆదా అయినా ఉందా? గేరులో ఉండి ఎక్సిలేటర్ మీదనుండి కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, డీజిల్ పంపులోని గవర్నర్ డీజిల్‌ను తగ్గించివేస్తుంది. పైగా ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంది, వాక్యూమ్ పంపు తిరుగుతూ ఉంటుంది. ఎక్కిన గేరులోనే దిగాలని పాతకాలపు లారీ డ్రైవర్లు చెప్పేమాటకు కారణం ఇదే. అరకు వంటి ఎత్తు ప్రదేశాల్లో గాలి ఒత్తిడే సుమారు పదోవంతు తక్కువ గనుక బూస్టర్ బలమూ ఆ మేరకు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి. లైనర్లు కాలి వాసన వస్తుంటే ఇక బూస్టర్ ఏమీ చేయలేదు. బండి ఆపి చల్లారనివ్వవలసిందే.

బండి షెడ్డులోనుండి వచ్చినప్పుడు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయవచ్చు. ఇంజన్ ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాలికింద కొంచెం దిగితే వాక్యూమ్ అందుతున్నట్టు. దిగకపోతే గొట్టం, వాల్వు, పంపు ఈ వరుసలో వెదకండి. తరువాత ఒక నిమిషం ఇంజన్ తిప్పి ఆపండి. ఐదు నిమిషాలు ఆగి తొక్కండి. మొదటి తొక్కుడు మెత్తగా, రెండవది కొంచెం తక్కువగా, మూడవది గట్టిగా ఉండాలి. మొదటిదే గట్టిగా ఉంటే వాక్యూమ్ నిలవడం లేదు, నాన్ రిటర్న్ వాల్వునో డయాఫ్రమ్‌నో అనుమానించండి. పెడల్ తొక్కగానే కాళ్ళ దగ్గర "స్స్" అని ఒక క్షణం వినబడటం సహజమే. తొక్కిపట్టినంతసేపూ వినబడితే లోపల గాలి కారుతున్నది. ట్యూబు పంక్చరు చూసినట్టు సబ్బునీళ్ళు రాస్తే ఇక్కడ బుడగలు రావు, ఎందుకంటే గాలి బయటికి కాదు, లోపలికి పోతుంది.

ఇంజన్ మార్పు, బ్రేకు మార్పు చేయించే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో విచారించండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే. కాగితాల్లో లేని మార్పు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది.

మొదటిసారి నడిపేటప్పుడు రోడ్డు మీదికి తీయకుండా పంట కోసిన ఖాళీ పొలంలో, మనుషులెవరూ ఎక్కకుండా, ఇరవై కిలోమీటర్ల వేగంలో పదిసార్లు ఆపి చూడండి. తరువాత నాలుగు బస్తాలు వేసి మళ్ళీ చూడండి. ఇంటికి వచ్చాక నాలుగు డ్రమ్ముల వేడిని చేత్తో దగ్గరగా పెట్టి పోల్చండి. మరునాడు ఉదయం ఇంజన్ స్టార్ట్ చేయకముందే, రాత్రంతా ఆగి ఉన్న బండి పెడల్‌ను ఒకసారి తొక్కండి. మొదటి తొక్కుడు ఇంకా మెత్తగా ఉంటే ఆ షెడ్డువాడు పని శ్రద్ధగా చేశాడు, మిగిలిన డబ్బు ఇచ్చేయవచ్చు.